సైదులన్న గొంతు కోసం మూడు ఊర్లు, మూడు బస్సులు

తెల్లవారుజామున ముసురు పట్టింది. ఐదున్నరకు తెరిపిచ్చింది. నారుమడికి నీళ్లు పెట్టి, గొర్రెలను మా తమ్ముడికి అప్పజెప్పి, కాళ్లు కడుక్కునేసరికి ఆరుంబావు. ఆరు నలభై బస్సుకు సూర్యాపేట బయలుదేరాను. ఒక్క రోజులో పోయి రాగలిగే ప్రయాణాల గురించి నేను ఇక్కడ రాస్తుంటానని మీకు తెలుసు. ప్రతిసారీ వానో ఎండో చెప్పి, ఆ రోజు చేసిన పని చెప్పి మొదలుపెడతాను. ఇట్లా ఎందుకు రాస్తావని ఒకరిద్దరు అడిగారు. ఈ అలవాటు నాకు సూర్యాపేట పాత బజారులో క్యాసెట్లు నింపే సైదులన్న దగ్గర వచ్చింది. ఈసారి ప్రయాణం కూడా ఆయన కోసమే.

సైదులన్న దుకాణం ఒక షట్టరు, ఒక బల్ల, రెండు డెక్కులు, గోడ నిండా రికార్డులు. మనం చిట్టీ మీద పాటల పేర్లు రాసి ఇస్తే రికార్డుల నుంచి ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాడు. అప్పట్లో అట్లాంటి దుకాణాలు చాలా ఉండేవి. ఈయన దగ్గర తేడా ఒక్కటే. క్యాసెట్ చివర పాట పట్టనంత కొంచెం జాగా మిగులుతుంది కదా, దాన్ని ఆయన ఖాళీగా పోనిచ్చేవాడు కాదు. "అరవై నిమిషాల రీలు కొన్నవ్, అరవై నిమిషాలు నింపి ఇస్త" అని మైకు మన ముందు పెట్టేవాడు. వానా ఎండా చెప్పాలి, ఆ రోజు ఏం పని చేశామో చెప్పాలి, చివరకు ఏ బస్సుకు పోతున్నామో చెప్పాలి. ఆయన చెయ్యి ఎత్తితే మనం మొదలుపెట్టాలి, దించితే ఆపాలి. ఆ సమయంలో ఆయన మాత్రం నోరు తెరిచేవాడు కాదు. కొన్నవాడి రీలు, కొన్నవాడి మాటే ఉండాలి అనేది ఆయన పద్ధతి. నా దగ్గర ఆరు క్యాసెట్లు ఉన్నాయి. అన్నిట్లో ఎరువుల కోసం వచ్చానని, ఐదింటి బస్సుకు పోతున్నానని నేనే చెప్పుకుంటున్నాను.

సైదులన్న పోయి ఏడాది కావస్తోంది. పోవడానికి ఎనిమిదేళ్ల ముందే గొంతులో గడ్డకు ఆపరేషన్ చేశారు. దాంతో మాట పోయింది. చేతిలో ఫోను వచ్చే నాటికి ఆయన చిట్టీల మీద రాసి చూపించేవాడు. అందుకని ఫోన్లలో ఉన్న వీడియోల్లో ఆయన నవ్వుతాడు, చెయ్యి ఊపుతాడు, మాట ఉండదు. కిందటి వారం దుకాణం దగ్గర ఆయన భార్య నాగమ్మ వదిన కనిపించింది. మడిగె ఓనరు దుకాణం ఖాళీ చేయమన్నాడట, ఇంకో పది రోజులే గడువు. బాగుచేయమని ఇచ్చి గిరాకీలు తీసుకుపోని క్యాసెట్లు ఒక్కొక్కటి పెట్టుకుని వింటోంది.

"ఏం ఇంటున్నవ్ వదినా?" అని అడిగాను.

"మీ అన్న గొంతు ఏడనన్న ఉన్నదేమో అని. రెండు వందలు విన్న. ఊరందరి గొంతు ఉంది, ఆయనది లేదు." తరువాత క్యాసెట్ మారుస్తూ, నా వైపు చూడకుండా అంది. "మొకం యాదికొస్తది. ఎట్ల మాట్లాడేటోడో యాదికొస్తలేదయ్యా. మర్చిపోతున్న."

నేను లేచి గోడకున్న ఇనుప కడ్డీకి గుచ్చిన పాత చిట్టీలు చూశాను. ఎక్కువ చిట్టీల మీద ఒకే పేరు ఉంది, కోదాడ జోజి సారు. చర్చిలో పాడే బృందానికి క్యాసెట్లు నింపించుకున్న బడిపంతులు. చిట్టీ వెనుక ఉన్న నంబరు మారిపోయింది గానీ, కోదాడలో ఇద్దరు ముగ్గురిని అడిగితే దొరికాడు. "నా దగ్గర నలభై క్యాసెట్లున్నాయండీ, వచ్చేయండి" అన్నాడు. ఆ మాట వినగానే నాకు నిలవబుద్ధి కాలేదు. గురువారం పొలంలో కూలీలు లేని రోజు చూసుకుని బయలుదేరాను.

సూర్యాపేటలో ఏడుంబావుకు దిగి మొదట దుకాణానికే పోయాను. పాత క్యాసెట్లు వినాలంటే వినే మిషన్ మనమే తీసుకుపోవాలి, ఎవరి ఇంట్లోనూ ఇప్పుడు పనిచేసేది లేదు. నాగమ్మ వదిన సైదులన్న వాడిన టేప్‌రికార్డర్ చేతిసంచిలో పెట్టి సిద్ధంగా ఉంచింది. సంచిలో ఇంకా నాలుగు బ్యాటరీలు, ఒక పెన్సిలు, చిన్న స్క్రూడ్రైవరు, దూది, స్పిరిట్ సీసా ఉన్నాయి. నా ఆరు క్యాసెట్లు కూడా అందులోనే వేశాను.

"పెన్సిల్ ఎందుకో యాదుందా?" అంది.

"రీలు చుట్టనీకి."

"ఊఁ. కింద పడెయ్యకు. ఆయన ఉన్నప్పుడు దాన్ని నన్ను గూడ ముట్టనియ్యలే."

ఎనిమిది పదికి విజయవాడ వైపు పోయే ఎక్స్‌ప్రెస్ దొరికింది. సూర్యాపేట నుంచి కోదాడకు హైవే మీద గంట ప్రయాణం, ఎక్స్‌ప్రెస్ అయితే ఇంకొంచెం తక్కువే. ఈ రూటులో ఐదు పది నిమిషాలకు ఒక బస్సు ఉంటుంది కాబట్టి ముందే సీటు తీసుకోవాల్సిన పని లేదు. నేను పోయిన రోజు టికెట్ డెబ్బై చిల్లర. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ లేదు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు తొంగిచూశాడు.

"ఏందన్నా అది, కోడిపుంజా?"

"టేప్‌రికార్డర్."

"అబ్బో. పని చేస్తదా?"

"చేస్తది."

"అయితే ఓ పాట పెట్టు, లేకుంటే లగేజి టికెట్ కొడత" అన్నాడు. వెనక సీట్లో ఇద్దరు ముసలివాళ్లు కూడా పెట్టమన్నారు. నా క్యాసెట్ ఒకటి పెట్టాను. పాట అయిపోయాక పాతికేళ్ల వయసులోని నా గొంతు వచ్చింది, 'మబ్బు పట్టింది, యూరియా దొరకలే' అని. బస్సులో సగం మంది నవ్వారు. "ఇప్పుడు గూడ అదే గదా కత" అని ఒక ముసలాయన అన్నాడు. కండక్టరు లగేజి కొట్టలేదు.

కోదాడలో తొమ్మిదికి దిగాను. బస్టాండు పక్క సందులో పొద్దున టిఫిన్లు బాగుంటాయి. పెసరట్టు తిన్నాను, అల్లం చట్నీ ఘాటు ఎక్కువ. జోజి సారు ఇల్లు చిలుకూరు పోయే రోడ్డు మీద, ఆటోలో ఇరవై రూపాయలు. సారుకు డెబ్బై దాటాయి, తెల్ల లుంగీ, ఇస్త్రీ చొక్కా. నేను గేటు తీయకముందే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"రండి రండి. సూర్యాపేట సైదులు గురించే కదా? ఆయనంత నిక్కచ్చి మనిషిని నేను చూళ్లేదండీ. ఒకసారి మా పాటలో శ్రుతి తప్పిందని మమ్మల్ని బయట నిలబెట్టి, టీ తాగి రమ్మన్నాడు. నన్ను! బడిలో నేను పిల్లల్ని నిలబెట్టేవాణ్ణి, అక్కడ ఆయన నన్ను నిలబెట్టాడు."

నలభై అన్నాడు గానీ లెక్క చూస్తే ముప్పై ఒకటి ఉన్నాయి. అన్నీ సబ్బు డబ్బాల అట్టపెట్టెలో వరుసగా పెట్టాడు. మేము చివరి నిమిషాలే వినడం మొదలుపెట్టాం. ప్రతి క్యాసెట్ చివర సారే ఉన్నాడు. కోదాడలో ఎండ, బడిలో పరీక్షలు, నాలుగింటి బస్సు. ఒకదాంట్లో ఎండ గురించే రెండు నిమిషాలు చెప్పాడు. పది క్యాసెట్లు అయ్యాయి, పదిహేను అయ్యాయి. సారు తన గొంతు విని తానే మురిసిపోతున్నాడు. నాకు లోపల ఆశ సగమయింది.

ఇరవై రెండో క్యాసెట్ చివర, సారు మాట ఆగిన తరువాత, ఎవరో గొంతు సవరించుకుని దగ్గిన చప్పుడు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. మళ్లీ దగ్గు. నాగమ్మ వదినకు ఫోన్ చేసి టేప్‌రికార్డర్ ముందు పెట్టాను.

ఇంకోసారి పెట్టమంది. తరువాత అంది. "ఆయనదే. ముందల గొంతు సవరిచ్చుకునేటోడు, తర్వాత దగ్గేటోడు. మాట లేదా?"

"ఇంకా లేదు వదినా."

"మాట సూడయ్యా. దగ్గు ఆఖరిదాక ఉన్నది, నాకు యాదున్నది. మాట కావాలె."

మిగిలిన తొమ్మిదీ విన్నాం. దొరకలేదు. సారు భార్య మజ్జిగ ఇచ్చింది. సారు చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"ఆయన్ని మాట్లాడనిస్తే కదండీ. మేం ఐదుగురం పోయేవాళ్లం. నలుగురం పోటీపడి మాట్లాడేవాళ్లం. రత్నం ఒక్కడే నోరు తెరిచేవాడు కాదు."

"రత్నం ఎవరు సార్?"

"డోలక్ వాయించేవాడు. చేతులే మాట్లాడతాయి వాడికి. ఇప్పుడు మిర్యాలగూడలో రైస్‌మిల్లులో బాయిలర్ దగ్గర ఉన్నాడు. పెళ్లికి ముందు ఒక్కడే సూర్యాపేట పోయి ఒక క్యాసెట్ చేయించుకున్నాడండీ. వినిపించరా అంటే ఈరోజుకీ వినిపించలేదు. మాట్లాడని వాడి క్యాసెట్లో ఏముంటుందిలే అని నేనూ వదిలేశాను."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. సైదులన్న రీలు ఖాళీగా పోనివ్వడు. అవతల కూర్చున్నవాడు నోరు తెరవడు. మరి ఆ నిమిషాలు ఎవరు నింపినట్టు? ఇదే మాట సారుతో అంటే, ఆయన మొదటిసారి మాట్లాడకుండా నా ముఖం చూశాడు. తరువాత లోపలికి కేకవేశాడు, "ఏమే, నా చెప్పులెక్కడ?" అని. నన్ను తన స్కూటరు మీద బస్టాండులో దింపాడు. దారిలో రెండుసార్లు "నాకు తట్టలేదు చూశారా" అన్నాడు.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పోవాలి. నేరుగా పోయే బస్సు అరగంటకో ముప్పావుగంటకో ఒకటి ఉంటుంది. దొరకకపోతే హుజూర్‌నగర్ దాకా పోయి మారవచ్చు. నాకు పదకొండుంబావుకు నేరుగా పోయేది దొరికింది. గంటన్నర పైన పట్టింది. హైవే లాగా కాదు, ప్రతి ఊరి దగ్గరా ఆగుతుంది. అయితే కాలువ నీళ్లు వదిలిన రోజుల్లో ఈ దారి చూడదగ్గది. రోడ్డుకు రెండు పక్కలా దమ్ము చేసిన మడులు, ట్రాక్టర్ల వెనక కొంగలు. కిటికీ పక్కన కూర్చోవాలంటే ఎడమ వైపు కూర్చోండి, మధ్యాహ్నం ఎండ అటు పడదు. పాలకీడు వైపు పోయే కూలీలు నేరేడుచర్లలో దిగారు. అంతదాకా నేను నిలబడే వచ్చాను. సంచి మాత్రం ఒక పెద్దామె ఒళ్లో పెట్టుకుంది.

"ఏముందయ్యా ఇందుల, ఇంత బరువు?"

"మిషన్ అవ్వా. పాటలది."

"పెండ్లా?"

"కాదు. ఒకాయన మాట కోసం పోతున్న."

ఆమె సంచిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

మిర్యాలగూడ దగ్గర పడుతుంటే ఉడికిన వడ్ల వాసన బస్సులోకి వస్తుంది. ఊరి పేరు రాసిన బోర్డు అక్కర్లేదు, ఆ వాసనే అసలు బోర్డు. ఒంటి గంటకు దిగాను. సారు చెప్పిన మిల్లుకు ఆటోలో పోయి, గేటు దగ్గర బాయిలర్ రత్నం అని అడిగితే పగటి షిఫ్టు లేదని, సాయంత్రం నాలుగింటికి వస్తాడని, ఇల్లు వెనక కాలనీలోనే అని చెప్పారు. రేకుల ఇల్లు, ముందర సిమెంటు గచ్చు. రత్నం గచ్చు మీద కూర్చుని మోటారు విప్పుతున్నాడు. సన్నని మనిషి, అరవై దగ్గర. నేను పరిచయం చేసుకున్నాను. జోజి సారు పేరు చెబితే తల ఊపాడు. సైదులన్న పోయిన సంగతి చెబితే చేతిలో పానా కింద పెట్టాడు. క్యాసెట్ గురించి అడిగితే మళ్లీ పానా తీసుకున్నాడు.

"లేదు" అన్నాడు. అదే మొదటి మాట.

లోపలి నుంచి ఆయన భార్య సువార్తక్క గిన్నె చేత్తో పట్టుకునే వచ్చింది. "ఏం లేదు? ఏం అడుగుతుండు?"

"పాత క్యాసెట్ అక్కా. పెండ్లికి ముందు సూర్యాపేటల చేయించిండట."

"పెండ్లికి ముందా? గా రేకు డబ్బాల ఉన్నదే గదా, బట్టల చుట్టి పెట్టినవ్. ఇల్లు మారినప్పుడల్ల మోసుకొస్తడు. ఏందది అంటే మిషన్‌ది అంటడు. నేను మిషన్‌దే అనుకున్న." ఆమె గిన్నె గోడ మీద పెట్టింది. "ఎవల కోసం చేయించినవ్?"

రత్నం చెవులు ఎర్రబడ్డాయి. మోటారు వైపు చూస్తూ గడ్డంతో ఆమెను చూపించాడు.

"నా కోసమా? నా కోసం చేయించి ఇయ్యకుండ దాసిపెట్టినవా? ముప్పై ఏండ్లు!"

"పాడైంది" అన్నాడు రత్నం.

"పాడైంది ఎవడన్న మోసుకొని తిరుగుతడా? తియ్యి బయటికి."

ఆయన లేవలేదు. నేను నాగమ్మ వదిన సంగతి చెప్పాను. రెండు వందల క్యాసెట్లు విన్నదని, పొద్దున దగ్గు ఒక్కటి దొరికిందని, మాట గుర్తుకు రావడం లేదని. ఆయన విన్నాడు. కాసేపటికి లోపలికి పోయి డబ్బా తెచ్చాడు.

క్యాసెట్ బాగాలేదు. రీలును మిషన్ హెడ్డుకు ఒత్తి పట్టుకునే చిన్న స్పాంజి రాలిపోయింది, ఒక స్క్రూ తుప్పు పట్టింది. అట్లా పెడితే గురగుర తప్ప వినపడదు, రీలు తెగినా తెగుతుంది. రత్నం నా చేతిలోంచి తీసుకుని స్క్రూడ్రైవరు అడిగాడు, మాటతో కాదు, చెయ్యి చాపి. నా ఆరింటిలో ఒకటి ఇచ్చాను. రెండింటినీ విప్పి, నా క్యాసెట్ డొప్పలో ఆయన రీలు అమర్చాడు. దూదికి స్పిరిట్ అద్ది మిషన్ హెడ్డు తుడిచాడు. పెన్సిలు పెట్టి రీలు చివరిదాకా చుట్టి మళ్లీ వెనక్కి చుట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో సువార్తక్క నాకు గోంగూర పప్పుతో అన్నం పెట్టింది. ఏం తిన్నానో నాకు తెలియదు, చూపంతా ఆయన వేళ్ల మీదే ఉంది.

పెట్టాం. చివరి పాట సగం నుంచి వచ్చింది. పాట ఆగింది. బల్ల కిర్రుమంది. తరువాత గొంతు సవరించుకున్న చప్పుడు, దగ్గు. నేను టేప్‌రికార్డర్‌ను రెండు చేతులతో పట్టుకున్నాను. అప్పుడు సైదులన్న మాట వచ్చింది.

"మాట్లాడు. అరే, మాట్లాడవయ్యా, రీలు తిరుగుతాంది. సరే, పేరన్న చెప్పు. ఆమె పేరు చెప్పు. అది గూడ చెప్పవా? గిట్లయితే పెండ్లెట్ల చేసుకుంటవయ్యా నువ్వు?"

సువార్తక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రత్నం మోటారు వైపు తిరిగాడు. ముప్పై ఏళ్లు ఆయన దాచింది ఈ తిట్లనే.

"ఖాళీగ పోనిచ్చేది లేదు" అని సైదులన్న అంటున్నాడు. "నేనే చెప్త. ఓ చెల్లె, నీ పేరేందో ఈ పిలగాడు చెప్తలేడు. నేను సూర్యాపేట సైదులును. పొద్దుగాల ముసురు పట్టింది, ఇప్పుడు తెరిపిచ్చింది. ఈయన కోదాడ నుంచి బస్సుల నిలవడి వచ్చిండు. నీ కోసం పాటలు ఏరుకున్నడు, రెండు సార్లు మార్పిచ్చిండు, నా పానం తీసిండు. నోరు లేదు గని చెవులు మంచియి. నీకేం పరేషాన్ లేదు. మా ఇంట్ల నేను వాగుత, మా నాగమ్మ ఇంటది. మీ ఇంట్ల నువ్వు మాట్లాడు, ఈయన ఇంటడు. ఇయ్యాల మా ఇంటామె కాకరకాయ పంపింది, ఉప్పు మర్చిపోయింది. నేను చెప్ప. నువ్వు గూడ ఎవలకు చెప్పకు. ఈయన మూడింటి బస్సుకు పోతుండు. నేను ఎనిమిదింటికి దుకాణం బందు చేసి..."

అక్కడ రీలు అయిపోయింది. మీట టక్కున పైకి లేచింది.

నేను గచ్చు మీద నుంచి లేచి అటూ ఇటూ నడిచాను. వదినకు ఫోన్ చేశాను. "దొరికింది" అన్నాను. "మాట దొరికింది. నిమిషం పైననే ఉంది. ఇనిపిస్త ఆగు."

"వద్దు" అంది వెంటనే. "ఫోన్ల వద్దు. తీస్కరా. దుకాణంల పెట్టి ఇంట."

క్యాసెట్ కోసం చెయ్యి చాపితే సువార్తక్క ఇవ్వలేదు. చెంగులో కట్టుకుంది. "ఇది నాది. ముప్పై ఏండ్లకు చేతికొచ్చింది, నీ చేతికి ఎట్లిస్త?"

"అక్కా, ఆమె..."

"ఇయ్య అన్న గని, రాను అన్ననా? నేను గూడ వస్త. నాకు టికెట్ గూడ లేదు." రత్నం వైపు తిరిగింది. "రాత్రికి అన్నం ఉన్నది, పప్పు ఉన్నది. వింటున్నవా?"

రత్నం తల ఊపాడు.

"వింటడు" అని ఆమె నాకు చెప్పింది, నవ్వాపుకుంటూ.

మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు మూడు నలభై బస్సు దొరికింది. గంటన్నర పడుతుంది. దారంతా సువార్తక్క మాట్లాడింది, నేను విన్నాను. ఐదుంబావుకు దుకాణం ముందు దిగాం. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. బల్ల తుడిచి ఉంది. నాగమ్మ వదిన గిరాకీ కూర్చునే స్టూలు మీద కూర్చుంది. సువార్తక్క చెంగు ముడి విప్పి క్యాసెట్ ఇచ్చింది. నేను పెద్ద డెక్కులో పెట్టాను.

వదిన కదలకుండా విన్నది. అయిపోయాక అంది.

"ఉప్పు లేదట."

నేను రీలు వెనక్కి తిప్పాను.

"ఆ పొద్దు ఇంటికొచ్చినంక కూర ఎట్లున్నదంటే మస్తున్నది అన్నడు. సూడు, మిర్యాలగూడ దాక చెప్పిండు గని నాకు చెప్పలే." సువార్తక్క ముందు నవ్వింది, తరువాత వదిన నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "గదే గొంతు. బొంగురుగ ఉంటది. నేను సన్నగ అనుకుంటున్న ఇన్ని దినాలు. మళ్ల పెట్టు."

నాలుగు సార్లు పెట్టాను. ఎనిమిదింటికి దుకాణం బందు చేసి ఎటు పోయేవాడు అని సువార్తక్క అడిగింది. "ఏడికి పోతడమ్మా, సోడా బండి కాడ నిలవడి, ఇంటికే" అంది వదిన. తరువాత తానే లేచి, అరలోంచి ఖాళీ క్యాసెట్ ఒకటి తీసి రెండో డెక్కులో పెట్టింది. సైదులన్న మాట దానిలోకి ఎక్కించాం. అయిపోయాక రీలు ఇంకా తిరుగుతూనే ఉంది. వదిన ఆపలేదు. మైకు మా మధ్య పెట్టి చెయ్యి ఎత్తింది.

ఈ ప్రయాణం నుంచి నాకు పెద్ద సత్యం ఏమీ తెలియలేదు. ఒక మనిషి ముప్పై ఏళ్లు ఊరందరి మాట పట్టి పెట్టాడు, తన మాట పక్కకు పెట్టాడు. చివరకు అది, మాట్లాడటం చేతగాక సిగ్గుపడ్డవాడి ఇంట్లో, పాడైంది అనుకున్న దాంట్లో దొరికింది. మంచి మాటకారుల ముప్పై ఒక్క క్యాసెట్లలో దొరికింది ఒక దగ్గు. దుకాణం కొద్ది రోజుల్లో పోతుంది, అక్కడ ఫోన్ల దుకాణం వస్తుందట. రానీ. నాకు బాధ కన్నా ఆ రోజు గచ్చు మీద లేచి నడిచిన సంతోషమే ఎక్కువ గుర్తుంది. మీ ఇళ్లలో కూడా ఏదో ఒక దుకాణంలో నింపించిన క్యాసెట్లు అటక మీద ఉంటాయి. వాటిని పారేసే ముందు ఈ ఒక్క పని చేయండి: పెన్సిలుతో రీలు చివరిదాకా ఒకసారి చుట్టి, వెనక్కి చుట్టి, అప్పుడు మిషన్లో పెట్టండి. చివరి పాట అయిపోగానే ఆపకండి. మీట దానంతట అదే లేచేదాకా వినండి.

రత్నం నాలుగింటికి బాయిలర్ పనికి పోయాడు. సువార్తక్క ఆరు నలభై మిర్యాలగూడ బస్సుకు పోయింది. నాగమ్మ వదిన ఏడింటికి షట్టరు దించి ఇంటికి పోయింది. నేను ఏడు పది బస్సుకు మా ఊరికి వచ్చాను.